నలభయ్యో ముద్ర

గంగాభవానికి యాభై నాలుగు వచ్చింది.

తెర మీద ఆ అంకె నిలబడగానే ప్రణీతకి మిగతాది తెలిసిపోయింది. అరవై ఒకటి దాటితే, ఆ వేలిముద్ర వేసిన మనిషి మనసులో ఇష్టం లేనట్టు. దాటకపోతే ఉన్నట్టు. మధ్యలో ఇంకేమీ లేదు. ఆమె గాజు పలక కిందనుంచి పాత రిజిస్టరు పేజీని మెల్లగా బయటికి తీసి, మెత్తటి గుడ్డ సంచిలో పెట్టి, కాగితం మీద అంకె వేసి సంతకం చేసింది. పని అంతా కలిపి పదకొండు నిమిషాలు పట్టింది.

ఏలూరులో పత్రాల పరీక్షాశాల పెట్టి ఆరేళ్లయింది. మనిషి భయపడ్డప్పుడు వేలికి పట్టే చెమట వేరు, మామూలప్పుడు పట్టే చెమట వేరు. వేలిని సిరాలో అద్ది కాగితం మీద నొక్కినప్పుడు ఆ చెమటలోని ఉప్పు సిరాతో కలిసి కాగితంలోకి దిగుతుంది. నాడి కొట్టుకునే వేగం కూడా ముద్రలోని గీతల అంచుల్లో సన్నటి వణుకుగా మిగిలిపోతుంది. కాగితం దాన్ని నూరేళ్లయినా మరిచిపోదు. ఆ రెండింటినీ చదివి సున్నా నుంచి వందలోపు ఒక అంకె ఇచ్చే మిషన్ని ప్రణీత, ఆమె పైఅధికారి డాక్టర్ రత్నాకరం కలిసి తయారుచేశారు. కాగితాల్లో దాని పేరు సమ్మతిమాపకం. కోర్టు గుమాస్తాలు మాత్రం వేలి మిషన్ అంటారు. అది ఇచ్చే అంకెకి బెదురంకె అని పేరు పెట్టింది కూడా వాళ్లే.

ఆ మిషన్ కోసమే ఒక చట్టం వచ్చింది. ఎన్నేళ్ల కిందటి దస్తావేజు అయినా సరే, ఇష్టం లేకుండా వేయించుకున్న ముద్ర అని తేలితే కొట్టేయవచ్చు. మొదట్లో పొలాల కాగితాలే వచ్చాయి. తరవాత ఆస్పత్రులనుంచి ఆపరేషన్ ఒప్పుకోలు పత్రాలు వచ్చాయి. చరిత్ర పాఠం చెప్పేవాళ్లు, ఓడలెక్కి దూరదేశాల తోటల్లోకి కూలికి వెళ్లినవాళ్ల ఒప్పందాలు పట్టుకొచ్చారు. పెళ్లి రిజిస్టర్లు వచ్చాయి. లా కాలేజీ పుస్తకాల్లో అరవై ఒకటి అనే హద్దుకి 'ఏలూరు గీత' అని పేరొచ్చి, దాని మీద పరీక్షల్లో ప్రశ్నలు కూడా పడుతున్నాయి.

గంగాభవాని రావాల్సిన అవసరం లేదు. కాగితం వస్తే చాలు. అయినా ఆమె కైకలూరు అవతలి పల్లెనుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చి, వరండాలో బల్ల మీద ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. అరవై ఎనిమిదేళ్లుంటాయి.

"ఎంతొచ్చిందమ్మా?" అంది ప్రణీత బయటికి రాగానే.

"రిపోర్టు కోర్టుకెళ్తుందండి. మీ లాయరుగారు చెప్తారు."

"ఆయన చెప్పేది నాకు బుర్రకెక్కదు. గీత దాటిందా లేదా, అది చెప్పు పాపా, చాలు."

చెప్పకూడదు. అయినా ఆ వయసు మనిషి అంత దూరం నుంచి వచ్చి కూర్చుంటే ప్రణీతకి నోరు ఊరుకోలేదు. "దాటలేదండి."

గంగాభవాని ఏడవలేదు. సంచి మూతి ఇంకోసారి ముడేసింది. "మా నాయన దినాలైన మూడో రోజు. నన్ను జీపెక్కించి తీసుకెళ్లి కూచోబెట్టారు. నోట్లో తడి లేదు. వేలు పట్టుకుని అద్దింది మా అన్నే. ఇప్పుడు ఆ అన్న కొడుకులు ఎనక గది కూడా ఖాళీ చెయ్యమంటన్నారు. అది పోతే నేనెక్కడ పడుకోవాలి?" లేచి నిలబడింది. "ఇంతకీ ఆ గీత గీసిందెవరు?"

"మేమేనండి. ఇష్టంగా వేసినవాళ్ల ముద్రలు నలభై తెచ్చి చూశాం. ఆఫీసులంటే, ఆఫీసర్లంటే ఎంత ఇష్టంగా వెళ్లినా కొంత బెదురుంటుంది కదా. ఆ నలభైమందిలో అందరికన్నా ఎక్కువ బెదిరినామెకి అరవై ఒకటి వచ్చింది. అంతవరకూ వదిలెయ్యాలని..."

"ఎవరో ఆ మహాతల్లి!" గంగాభవాని నవ్వింది. "నాకన్నా ఎక్కువ వణికిపోయి, ఇష్టంగానే వేశానందంటనా? ఏం ఇష్టమమ్మా అది!"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా ప్రణీత వరండాలోనే కాసేపు నిలబడింది. ఆ మహాతల్లి ఇప్పుడు ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంటుంది. ఆమె పేరు ధనకుమారి. ప్రణీత తల్లి.

*

నలభయ్యో ముద్ర దొరక్క ఐదేళ్ల కిందట పని ఆగిపోయింది. ముద్ర ఉండాలి, వేసిన మనిషి బతికుండాలి, ఇష్టంగానే వేశానని కెమెరా ముందు చెప్పాలి. ముప్పై తొమ్మిది దొరికాయి. గడువు ముంచుకొచ్చింది. అప్పుడు ప్రణీతకి తల్లి దస్తావేజు గుర్తొచ్చింది.

అందులో వెతకాల్సింది ఏముంది? ఆ కథ వింటూనే ఆమె పెరిగింది. తాతయ్య పోయాక, అమ్మ తన వాటా ఆరెకరాలూ మావయ్య పేర విడుదల రాసిచ్చింది. నలభై తొమ్మిదేళ్ల కిందటి మాట. ఆ పొలమే ఇప్పుడు కొల్లేటి పక్కన మావయ్య చేపల చెరువు. ఇంట్లో ఎవరు అడిగినా ధనకుమారి ఒకటే మాట అనేది, "ఇష్టంగానే వేశాను. అన్నయ్య కదా."

పూర్ణచంద్రరావు మావయ్యకి ఆ రోజు గురించి చెప్పడం ఇంకా ఇష్టం. ప్రణీతకి అప్పుడు రెండేళ్లు. "మీ అమ్మ ఆఫీసులో కూచుంటే, నువ్వు గుక్కపట్టి ఏడుపు. గంటసేపు నిన్ను భుజాన వేసుకుని రోడ్డు మీద తిప్పింది నేనేనే కోడలా! ఎర్రరంగు బిస్కెట్లు కొనిపెడితే గానీ నోరు మూయలా నువ్వు" అని, పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పదిమందిలో చెప్పి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిప్పిన మనిషంటే ఎవరికైనా ప్రేమే కదా.

మావయ్య మంచివాడే. గట్టిగా మాట్లాడి ఎవరూ ఎరగరు. ఏటా ఎండాకాలం తనే కారు వేసుకొచ్చి చెల్లెల్ని తీసుకెళ్తాడు. ఆవకాయలు పెట్టడం అయ్యాక, జాడీలతో సహా తీసుకొచ్చి దింపుతాడు. పుట్టింట్లో ఇప్పటికీ ధనకుమారి గది అని ఒక గది ఉంది. దాని తలుపుకి వేరే ఎవరూ తాళం వేయరు. చెరువు పట్టిన రోజు కొరమీనులు ముందు ఏలూరు వస్తాయి, తరవాతే బజారుకి వెళ్తాయి.

కెమెరా ముందు మాట చెప్పించిన రోజు కూడా ధనకుమారిని పుట్టింటినుంచి కారులో తీసుకొచ్చింది ఆయనే. ప్రణీత అందరికీ కాఫీలు ఇచ్చింది. ధనకుమారి చెప్పింది. సాక్ష్యపు కాగితం మీద వేలిముద్ర కూడా వేసింది. పాత ముద్రకి వచ్చిన అరవై ఒకటి చూసి రత్నాకరం కనుబొమలు పైకెత్తి, "చాలా ఎక్కువ కదా ప్రణీతగారూ? రెండో స్థానంలో ఉన్నాయనకి ముప్పై ఎనిమిదే" అన్నాడు.

"చంటిపిల్ల బయట ఏడుస్తోంది సార్. నేనే ఆ పిల్లని. మొదటిసారి ఆఫీసు మెట్లెక్కడం ఆవిడ" అంది ప్రణీత.

ఆ కారణం బాగానే కుదిరింది. ఆ కారణాన్ని వాళ్లు పుస్తకంలో కూడా రాసుకున్నారు.

*

గంగాభవాని వచ్చి వెళ్లిన మర్నాడు ప్రణీత ఆ పాత వీడియో తీసి చూసింది. ఎందుకు చూసిందో అడిగితే చెప్పలేకపోయేది. గంగాభవాని నవ్వు చెవిలోంచి పోలేదు, అంతే.

నాలుగు నిమిషాల వీడియో అది. తమ ఇంటి ముందుగది. నీలం అంచు చీరలో ధనకుమారి. ప్రశ్న అడిగేది రత్నాకరం గొంతు. "అమ్మా, ఈ ముద్ర మీరు ఇష్టంగానే వేశారా?"

ధనకుమారి వెంటనే కెమెరా వైపు చూడలేదు. ఎడమవైపు చూసింది. ఒక్క క్షణం. తరవాతే, "ఇష్టంగానే వేశాను. అన్నయ్య కదా" అంది. ఎడమవైపు ఏముంది? బొమ్మలో ఒక కుర్చీ చెయ్యి, దాని మీద ఒక మగచెయ్యి, చేతిలో కాఫీ గ్లాసు.

ముప్పై తొమ్మిదిమంది మాటలూ అలాగే తీసుకున్నారు. వాళ్ల ఇళ్లల్లో, వాళ్ల వాళ్ల మధ్య. పెద్దవాళ్లు ఇబ్బంది పడకూడదని. ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని ఎవరికీ తోచలేదు. ఇష్టం సంగతి అడగడానికి మనిషిని వేరుచేయడం మర్యాద కాదనుకునే ఇళ్లలోనే వాళ్లంతా పుట్టి పెరిగారు.

ప్రణీత ఇనప బీరువా తెరిచి, ఆ నలభై సాక్ష్యపు కాగితాలూ బయటికి తీసింది. ఒక్కోదాని కిందా ఒక్కో వేలిముద్ర ఉంది. ఐదేళ్లుగా అవి అక్కడే ఉన్నాయి. పాత ముద్రల్ని పరీక్షించారు గానీ, ఆ పాత ముద్రల గురించి చెప్పిన మాట కింది ముద్రల్ని ఎవరూ మిషన్ కింద పెట్టలేదు.

ఆమె ఒకటో కాగితం పెట్టింది. తొమ్మిది. రెండోది పద్నాలుగు. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా ముప్పై తొమ్మిదీ పెట్టింది. ఒక్కటి కూడా ఇరవై దాటలేదు. తమ ఇంట్లో, కాఫీ తాగుతూ, నిజం చెప్పినవాళ్లకి ఉండాల్సినంతే.

నలభయ్యోది పెట్టాక కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. తెర మీద యాభై ఎనిమిది.

*

ఇంటికి వెళ్లేసరికి ధనకుమారి వంటింటి గడప దగ్గర పీట వేసుకుని ఆవాలు చెరుగుతోంది. పక్కన జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆదివారం పూర్ణయ్య అన్నయ్య వస్తాడు, ఈ ఏడు రెండు వందల కాయలు కొంటాడట, కోడలికి కారం పాళ్లు తెలియవట, అని తనలో తను అనుకుంటున్నట్టుగా చెప్పుకుపోయింది.

ప్రణీత గుమ్మంలోనే కూర్చుంది. చేట పక్కకి రాలిన ఆవగింజల్ని ఒక్కొక్కటే వేలితో అద్ది తీసింది.

"అమ్మా, ఆ రోజు ఏం జరిగింది?"

"ఏ రోజు?"

"రిజిస్ట్రారాఫీసులో."

చేట ఆగలేదు. "ఏం జరుగుతుంది? వేలేసి వచ్చాను."

"నీ ముద్రలు రెండూ చూశాను. అప్పటిదీ, మా కాగితం మీద వేసిందీ."

ధనకుమారి చేట కింద పెట్టింది. కూతురి మొహం వైపు చూసింది. ఆవిడ డెబ్భై మూడేళ్ల మనిషి. దాపరికం బయటపడినందుకు కంగారేమీ లేదు. వండిన కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరో చెబితే చూసినట్టు చూసింది.

"వాడేం బెదిరించలేదే" అంది. "అదొకటి బాగా గుర్తుపెట్టుకో. అరవలేదు, తిట్టలేదు. జీపులో వెళ్తుంటే నేనే అడిగాను. అన్నయ్యా, రోడ్డు పక్కది అరెకరం నాకుంచు, ఎప్పుడైనా అవసరపడితే చిన్న ఇల్లు వేసుకుంటాను అని. వాడేం మాట్లాడలేదు. ఆఫీసులో పేరు పిలిచారు. నువ్వు నా ఒళ్లో ఉన్నావు. ఇటివ్వు కుమారీ, ముద్ర వేసి రా, పాపని నేను చూసుకుంటాను అన్నాడు. నిన్నెత్తుకుని బయటికి వెళ్లాడు. అంతే."

"అంతేనా?"

"అంతే. కిటికీలోంచి రోడ్డు కనబడుతోంది. నువ్వు ఏడుస్తున్నావు. వాడు నిన్ను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడు నిన్నేం చేస్తాడే? మేనమామ. ఏమీ చెయ్యడు. అది నాకూ తెలుసు. కానీ నేను వేలు వేసేదాకా లోపలికి తీసుకురాడని కూడా తెలుసు." చీర చెంగుతో వేళ్లు తుడుచుకుంది. "వేసి బయటికి రాగానే నిన్ను నా చేతికిచ్చాడు. నీ చేతిలో ఎర్ర బిస్కెట్టు."

బయట వీధిలో గ్యాసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. ఎర్ర బిస్కెట్ల కథకి తను ఎన్నిసార్లు నవ్విందో ప్రణీత లెక్కపెట్టుకోబోయి మానేసింది.

"మరి ఇన్నేళ్లూ ఇష్టంగానే వేశానని ఎందుకు చెప్పావు?"

"లేకపోతే నాకు ఆ గది ఉంటుందా? కారొస్తుందా? వాటా పోయింది, ఎలాగూ పోయింది. అన్నయ్య కూడా పోవాలా?" ధనకుమారి మళ్లీ చేట అందుకుంది. "చెప్పగా చెప్పగా అదే నిజమైంది. నువ్వు ఆ మిషన్ పెట్టకపోతే నాకూ గుర్తుండేది కాదు."

*

రత్నాకరం అంతా విన్నాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన గుంటూరు మనిషి. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఏలూరు గీత ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క పెద్ద పని.

"మీ అమ్మగారి ముద్ర తీసేస్తే గీత ముప్పై ఎనిమిదికి దిగుతుంది."

"అవునండి."

"ముప్పై ఎనిమిదికీ అరవై ఒకటికీ మధ్య ఎంతమంది?"

"రెండు వందల పన్నెండు కేసులు. నూట తొంభై ఓడిపోయాయి. మిగతావి నడుస్తున్నాయి. గంగాభవాని తీర్పు వచ్చే శుక్రవారం."

"నూట తొంభై" అన్నాడు రత్నాకరం. "వాళ్లందరికీ మనం, మీరు ఇష్టంగానే వేశారమ్మా అని చెప్పాం." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "మనంతట మనం తీసెయ్యడానికి లేదు. ఫలితం చూశాక నచ్చని ముద్ర తీసేశారంటారు. న్యాయమే, అనాలి కూడా. సాక్షే తన మాట వెనక్కి తీసుకోవాలి. దానికి కాగితం ఉంది. కారణం రాయక్కర్లేదు. కానీ కోర్టులో పెడతాం, అది అందరూ చూస్తారు. మీ మావయ్యగారు కూడా."

"అడిగి చూస్తాను."

"ఎలా అడుగుతారు?" అన్నాడు ఆయన. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

ఆ ప్రశ్న ఇంటికి వెళ్లాక గానీ ప్రణీతకి అర్థం కాలేదు. గంగాభవాని సంగతి చెప్పింది, వెనక గది సంగతి చెప్పింది. ధనకుమారి కూర తాలింపు పెడుతూ అన్నీ విన్నది.

"పాపం" అంది.

"శుక్రవారం లోపల నువ్వు కాగితం మీద వేలు వేస్తే ఆవిడ గది నిలబడుతుంది."

ధనకుమారి స్టవ్ తగ్గించి వెనక్కి తిరిగింది. "నేను వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే..." ప్రణీత ఆగింది.

"చెప్పవే. వెయ్యకపోతే నీ మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే కనబడుతోంది. నేనుండేది నీ ఇంట్లో. తినేది నీ చేతి కూడు. ఇప్పుడు నువ్వెవర్ని ఎత్తుకుని బయటికెళ్తావు ప్రణీ?"

మూకుడులో తాలింపు మాడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని దించలేదు.

ప్రణీత ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. ఖాళీ కాగితం బల్ల మీద కూడా పెట్టలేదు. అది కనబడుతూ ఉండడం కూడా అడగడమే అవుతుంది. పొద్దున్నే లేచి ల్యాబుకి వెళ్లింది. సాయంత్రం వచ్చి, కాకినాడ పోర్టులో పనిచేసే భర్తతో ఫోన్లో మామూలు విషయాలే మాట్లాడింది. మొహం ఎలా పెట్టుకోవాలో మాత్రం ఆమెకి తెలియలేదు. అద్దం ముందు కాసేపు నిలబడి మామూలుగా ఉండడం ఎలాగో చూసుకుంది. శనివారం ధనకుమారి బట్టలు సర్దుకుంది. ఎప్పటిలాగే నాలుగు చీరలు, మందుల డబ్బా, నువ్వులనూనె సీసా.

*

ఆదివారం పూర్ణయ్య కారు పది గంటలకి వచ్చింది. ప్రణీత ఇంట్లో లేదు. శుక్రవారానికి పంపాల్సిన కాగితాల కోసం సెలవు రోజున కూడా రత్నాకరం రమ్మన్నాడు. అమ్మని సాగనంపే బాధ తప్పినందుకు ఆమె లోలోపల తేలికపడింది కూడా.

పదిన్నరకి ల్యాబు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ధనకుమారి రొప్పుతూ పైకి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యని కిందే ఉండమన్నాను. నీకో మాట చెప్పి వస్తానన్నాను" అంది. తరవాత రత్నాకరం వైపు తిరిగింది. "ఆ కాగితం ఉందంటగా బాబూ. తీయండి."

ప్రణీత లేచి ముందుకి రాబోయింది.

"నువ్వు బయటికెళ్లు" అంది ధనకుమారి.

"అమ్మా, నేను..."

"నువ్వుండకూడదే. ఎవరూ ఉండకూడదు. మీరూ వెళ్లండి బాబూ. సిరా ఎక్కడుందో చూపించి వెళ్లండి. చదువొచ్చు నాకు."

ఇద్దరూ వరండాలోకి వచ్చి, గంగాభవాని కూర్చున్న బల్ల మీదే కూర్చున్నారు. తలుపు లోపలినుంచి గడియ పడింది. ఆ ల్యాబులో ఒక మనిషి ఒంటరిగా వేలిముద్ర వేయడం అదే మొదటిసారి. రెండు నిమిషాలకి పిలిచింది.

కాగితం బల్ల మీద ఉంది. ముద్ర కాస్త పక్కకి జారినా స్పష్టంగానే పడింది. రత్నాకరం దాన్ని మిషన్ కింద పెట్టాడు. పెట్టి తీరాలి. సాక్ష్యపు ముద్రల్ని కూడా ఇకనుంచి పరీక్షించాలని మొన్ననే తనే రూలు రాశాడు.

అరవై మూడు.

ముగ్గురూ ఆ అంకె వైపు చూశారు. అరవై మూడంటే పాత గీత కూడా దాటింది. వాళ్లు తయారుచేసిన మిషన్ ప్రకారం ఈ ముద్ర ఎవరో బలవంతాన వేయించినది. దాన్ని ఏ కోర్టూ తీసుకోకూడదు.

"ఎక్కువొచ్చిందా?" అంది ధనకుమారి.

"అప్పటికన్నా ఎక్కువ" అంది ప్రణీత. "అమ్మా, నిజం చెప్పు. నా కోసం వేశావా?"

"ఇష్టంగానే వేశాను." ఐదేళ్ల కిందట విన్నదీ ఇదే మాట. కానీ ధనకుమారి ఈసారి ఎడమవైపు చూడలేదు. "వణక్కుండా ఎలా వేస్తారే? పుట్టిల్లు కింద రోడ్డు మీద కారులో కూచుని ఉంది. అప్పుడు వేలు వెయ్యకపోతే ఏమవుతుందో అని వణికాను. ఇప్పుడు వేస్తే ఏమవుతుందో తెలిసి వణికాను. మీ మిషన్‌కి రెండూ ఒకటే కాబోలు."

రత్నాకరం కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆరేళ్ల పని, ఒక చట్టం, లా కాలేజీ పాఠం, అన్నీ ఆ ఒక్క మాటతో ఏమయ్యాయో ఆయనకి తెలుసు. "దీన్ని కోర్టుకి ఎలా పంపాలి ప్రణీతగారూ?" అన్నాడు.

"అంకెతో సహా పంపండి సార్. ఆవిడ మాట కూడా కింద రాసి పంపండి."

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఆ తరవాత జరిగినదంతా పేపర్లలో వచ్చింది. ఏలూరు గీతను పక్కన పెట్టారు. మిషన్ మీద ముసుగు పడింది. గంగాభవాని తీర్పు ఆగింది. జడ్జిగారు ఆమెని లాయర్లు గానీ, బంధువులు గానీ లేకుండా తన గదిలోకి పిలిపించి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆమె గంటన్నరసేపు చెప్పిందట. నలభై నాలుగేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనేనట. మిగిలిన కేసులు ఒక్కొక్కటిగా అలాగే విన్నారు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని లేదు.

ప్రణీతకి మాత్రం ఆ ఆదివారం అంటే గుర్తొచ్చేది ఇదేదీ కాదు.

ధనకుమారి కిందికి వెళ్లింది. తోడు వస్తానంటే వద్దంది. ప్రణీత వరండా చివర కిటికీ దగ్గర నిలబడింది. అక్కణ్నుంచి మాటలు వినబడవు, రోడ్డు కనబడుతుంది. వేపచెట్టు నీడలో తెల్లకారు. వెనక సీటు నిండా గోనెసంచుల్లో మామిడికాయలు. పూర్ణయ్య కారు దిగి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. డెబ్భై ఎనిమిదేళ్లకి కూడా నిటారుగా ఉంటాడాయన. ధనకుమారి ఎక్కలేదు. ఎదురుగా నిలబడి ఏదో చెప్పింది. ఎక్కువసేపు చెప్పలేదు. ఎడమ బొటనవేలు పైకెత్తి చూపించింది. దాని మీద ఇంకా సిరా ఉంది.

ఆయన అరవలేదు. తిట్టలేదు. తెరిచిన తలుపు నెమ్మదిగా మూశాడు. వెనక్కి వెళ్లి డిక్కీ తీశాడు. ఆవిడ సంచి బయటికి తీసి, నూనె సీసా ఒలికిపోకుండా నిటారుగా, దుమ్ము లేని చోటు చూసి రోడ్డు పక్కన పెట్టాడు. చెల్లెలి భుజం మీద ఒకసారి చెయ్యి వేయబోయి మానేశాడు. కారు వెళ్లిపోయింది.

ప్రణీత మెట్లు దిగి పరుగున వెళ్లింది. ధనకుమారి సంచి పక్కనే నిలబడి, బొటనవేలిని చీర చెంగుతో రుద్దుకుంటోంది. సిరా వదలడం లేదు.

"లోపలికి రా అమ్మా. ఎండగా ఉంది."

"బజారు తెరిచి ఉంటుందా ఈ పూట?" అంది ధనకుమారి కారు వెళ్లిన వైపే చూస్తూ. "ఒక పాతిక కాయలన్నా కొను. ఆవాలు చెరిగి పెట్టాను కదా, పాడైపోతాయి."